భూకంప పరిశోధన వైపు వెళ్లేవారికి ఆబ్స్‌పై: 16 నెలల వాడకం తర్వాత

భూకంప శాస్త్రంలో పీహెచ్‌డీ అవకాశం కోసమో, పరిశోధక ఉద్యోగం కోసమో వెతికేవారు నాలుగైదు ప్రకటనలు వరసగా చదివితే, అర్హతల దగ్గర ఇంచుమించు ఒకే వాక్యం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. భౌతికశాస్త్రం, భూభౌతికశాస్త్రం లేదా గణితంలో మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం రావాలి, భూకంప తరంగాల డేటాతో పనిచేసిన అనుభవం ఉంటే మంచిది. ఆ మూడో మాట దగ్గరే నాలాంటివారు ఆగిపోతారు. డిగ్రీ చేతిలో ఉంటుంది, పైథాన్ ఏదో ఒక స్థాయిలో వస్తుంది, కానీ ఒక భూకంపలేఖిని నమోదు చేసిన అసలు డేటాను అంతవరకు ముట్టుకొని ఉండము. ఆ లోటు తీర్చుకోవడానికి నేను పట్టుకున్న సాధనం ఆబ్స్‌పై, అంటే భూకంప డేటాను తెచ్చి, చదివి, విశ్లేషించడానికి వాడే పైథాన్ లైబ్రరీ. 16 నెలలుగా దాదాపు రోజూ వాడుతున్నాను. పరిశోధన వైపు దారి వెతుక్కుంటున్న మనిషికి అది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది అన్న కోణంలోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా దాని పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెబుతాను. జర్మనీలో మ్యూనిక్ నగరంలోని లుడ్విగ్ మాక్సిమిలియన్ విశ్వవిద్యాలయంలో భూభౌతికశాస్త్ర విభాగం వారు తమ అవసరాల కోసం మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. దాన్ని పరిచయం చేసిన వ్యాసం 2010లో సీస్మలాజికల్ రీసెర్చ్ లెటర్స్ పత్రికలో వచ్చింది. సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. అంతకుముందు ఈ రంగంలో డేటా ఒక్కో చోట ఒక్కో రూపంలో ఉండేది. భూకంప పర్యవేక్షణ సంస్థలు మినీసీడ్‌లో దాచేవి, విశ్వవిద్యాలయాలు శాక్‌లో పనిచేసేవి, చమురు అన్వేషణ వారిది సెగ్‌-వై. ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే చిన్న చిన్న ప్రోగ్రాములు సీనియర్ల నుంచి జూనియర్లకు వారసత్వంగా అందేవి, అవి రాసినవారు వెళ్లిపోయాక వాటిని బాగుచేసే దిక్కు ఉండేది కాదు. ఆబ్స్‌పై వాటన్నింటినీ ఒకే ఆజ్ఞతో చదివి, అన్నింటినీ ఒకే రకం వస్తువుగా మన ముందు పెడుతుంది. ఒక పరికరంలోని ఒక దిశ కదలిక ఒక ట్రేస్, అలాంటి ట్రేస్‌ల కట్ట ఒక స్ట్రీమ్. ఈ రెండు మాటలు అర్థమైతే మిగతాదంతా వాటి చుట్టూ తిరిగేదే.

మొదటి రోజు అనుభవం మాత్రం చాలా బాగుంటుంది. రీడ్ అన్న ఆజ్ఞకు ఏ ఫైలు పేరూ ఇవ్వకుండా, కుండలీకరణాలు ఖాళీగా వదిలి నడిపితే, తప్పు చేశావని కసరకుండా తన దగ్గరున్న ఒక నమూనా రికార్డును తెచ్చి పెడుతుంది. బీడబ్ల్యూ అనే బవేరియా నెట్‌వర్క్‌లోని ఆర్‌జేఓబీ స్టేషన్‌లో 2009 ఆగస్టు 24న నమోదైన 30 సెకన్ల రికార్డు అది. తెర మీద మూడు వరసలు కనిపిస్తాయి: నిలువు దిశకు జడ్, ఉత్తర దక్షిణాలకు ఎన్, తూర్పు పడమరలకు ఈ. ఒక్కో వరసలో సెకనుకు 100 చొప్పున 3,000 అంకెలు. ఆ వెంటనే ప్లాట్ అంటే బొమ్మ గీస్తుంది. భూమి కదలిక ఆఖరికి ఒక అంకెల వరస అన్న సంగతి పాఠ్యపుస్తకం చదివి ఒప్పుకోవడం ఒక ఎత్తు, ఆ 3,000 అంకెల్లో మొదటి పదింటిని అచ్చు వేసి చూడడం మరో ఎత్తు. ఇన్‌స్టాల్ చేసే పని కూడా కొండా అనే ప్యాకేజీ మేనేజర్ ద్వారా అయితే ఒక్క ఆజ్ఞతో ముగుస్తుంది.

నన్ను కట్టిపడేసింది డేటా తెచ్చుకునే భాగం. ప్రపంచంలోని ప్రధాన భూకంప డేటా కేంద్రాల్లో చాలావరకు ఎఫ్‌డీఎస్‌ఎన్ అనే సమాఖ్య నిర్ణయించిన ఒకే పద్ధతిలో డేటా ఇస్తాయి. అమెరికాలో ఐరిస్, యునావ్‌కో సంస్థలు 2023 జనవరిలో కలిసిపోగా ఏర్పడిన ఎర్త్‌స్కోప్, జర్మనీలో పాట్స్‌డామ్ నుంచి నడిచే జియోఫోన్, దక్షిణ కాలిఫోర్నియా డేటా కేంద్రం, ఇలా ఎవరిని అడిగినా ప్రశ్న ఒకేలా ఉంటుంది: ఏ నెట్‌వర్క్, ఏ స్టేషన్, ఏ ఛానల్, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. ఆబ్స్‌పై మాన్యువల్‌లో ఉన్న ఉదాహరణనే తీసుకోండి. 2010 ఫిబ్రవరి 27న చిలీలోని మౌలే ప్రాంతంలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. అంతర్జాతీయ సమయం ప్రకారం అప్పుడు ఉదయం 6:34. ఉదాహరణలో అమెరికాలోని న్యూ మెక్సికోలో ఉన్న ఏఎన్‌ఎమ్‌ఓ స్టేషన్ నుంచి, సెకనుకు ఒక్క అంకె నమోదు చేసే ఎల్‌హెచ్‌జడ్ ఛానల్‌లో, 6:45 నుంచి ఒక గంట డేటా అడుగుతారు. 6:34కు భూకంపం వస్తే 6:45 నుంచి అడగడమేమిటని మొదటిసారి నేను తికమకపడ్డాను. లెక్క వేసుకుంటే తెలిసింది: ఆ రెండు చోట్ల మధ్య దూరం భూమి కేంద్రం దగ్గర చేసే కోణంలో చెబితే సుమారు 77 డిగ్రీలు, భూగర్భం గుండా అంత దూరం రావడానికి, అన్నిటికన్నా ముందు చేరే పి తరంగానికి దాదాపు 12 నిమిషాలు పడుతుంది. అంటే 6:46కు తలుపు తడుతుంది. ఎస్ తరంగం మరో 10 నిమిషాలు ఆగి వస్తుంది, ఉపరితల తరంగాలు ఆ తర్వాత తీరిగ్గా వచ్చి బొమ్మంతా ఆక్రమిస్తాయి. ఈ రాకల సమయాలు లెక్కించే టౌప్ అనే విభాగం కూడా ఇందులోనే ఉంది. దూరం, లోతు చెబితే భూమి లోపలి నిర్మాణానికి ఐఏఎస్‌పీ91 వంటి నమూనాను ఆధారం చేసుకొని ఏ తరంగం ఎప్పుడు రావాలో చెబుతుంది. లెక్క కట్టిన గీతను అసలు రికార్డు మీద పెట్టినప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవడం చూసిన సాయంత్రమే ఈ రంగంలోకి రావాలని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను.

ఇక నా పరువు పోయిన కథ. దరఖాస్తుతో పాటు చూపించడానికి ఒక చిన్న సొంత ప్రాజెక్టు ఉంటే మంచిదని, 2019 జూలైలో కాలిఫోర్నియాలోని రిడ్జ్‌క్రెస్ట్ దగ్గర వచ్చిన 6.4, 7.1 తీవ్రతల భూకంపాల తర్వాతి ప్రకంపనలను ఎంచుకున్నాను. దగ్గర్లోని స్టేషన్ డేటా తెచ్చి, ఎస్‌టీఏ-ఎల్‌టీఏ పద్ధతిలో చిన్న ప్రకంపనలను గుర్తించి, వాటి పి తరంగాల ఆరంభ క్షణాలను పట్టికగా వేశాను. ఈ పద్ధతి సూత్రం చాలా సులువు: గత అర సెకను సగటు కదలికను గత 10 సెకన్ల సగటుతో భాగిస్తాం, భాగఫలం హఠాత్తుగా పెరిగితే ఏదో వచ్చిందని అర్థం. బొమ్మలు ముచ్చటగా వచ్చాయి. ఒక పరిశోధన బృందం ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు పిలిచింది. బృందంలో ఒకరు నా మూడో బొమ్మను పెద్దది చేయించి, పెద్ద కదలిక మొదలవడానికి ముందే సన్నటి అలలు కనిపిస్తున్నాయి, భూకంపం రాకముందే మీ పరికరానికి తెలిసిపోయిందా అని నవ్వుతూ అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు, కావలసిన పౌనఃపున్యాలను మాత్రమే మిగిల్చే ఆబ్స్‌పై ఫిల్టర్ ఆజ్ఞలోని ఒక చిన్న ఐచ్ఛికంలో ఉంది. దాని పేరు జీరోఫేజ్. మామూలుగా ఫిల్టర్ సంకేతాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. జీరోఫేజ్‌ను ట్రూ అని పెడితే అదే ఫిల్టర్‌ను ముందు నుంచి వెనక్కి ఒకసారి, వెనక నుంచి ముందుకు మరోసారి నడిపి ఆ ఆలస్యాన్ని రద్దు చేస్తుంది. కానీ వెనక నుంచి నడిపినప్పుడు పి తరంగం శక్తిలో కొంత, అది ఇంకా రాని సమయంలోకి కారిపోతుంది. దాంతో ఆరంభం అసలుకన్నా ముందే జరిగినట్టు కనిపిస్తుంది. నేను ఎక్కడో చూసిన ఒక ఉదాహరణ నుంచి ఆ వరసను యథాతథంగా ఎత్తి రాసుకున్నాను. మాన్యువల్‌లో ఈ ఐచ్ఛికం గురించి ఉన్న వివరణ నిజమే, ఫేజ్ మార్పు ఉండదని, ఫిల్టర్ పదును రెట్టింపవుతుందని చెబుతుంది. ఆరంభ క్షణం కొలిచేవారు దీని జోలికి వెళ్లకూడదన్న ఒక్క హెచ్చరిక వాక్యం అక్కడే చేర్చి ఉంటే బాగుండేది. తేడా 0.2 సెకనే కదా అనుకోవచ్చు, కానీ పై పొర రాళ్లలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వెళ్లే పి తరంగానికి అది ఒక కిలోమీటరు పైచిలుకు. చిన్న ప్రకంపనలను గుదిగుచ్చి భ్రంశరేఖ ఆకారం గీద్దామనుకునేవారికి ఆ కిలోమీటరే కథంతా మార్చేస్తుంది. ఆ బృందంలో చోటు నాకు రాలేదు, అందులో వారి తప్పేమీ లేదు.

సాధనంగా దీని బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయని నా అభిప్రాయం. ఒకప్పుడు నెలలు పట్టే పనిని ఇది నాలుగు వరసలకు తెస్తుంది, ఆ నాలుగు వరసల వెనకున్న భౌతికశాస్త్రం నేర్చుకోకుండానే బొమ్మ గీయనిస్తుంది. పరికర ప్రతిస్పందనను తొలగించే ఆజ్ఞ దీనికి రెండో ఉదాహరణ. భూకంపలేఖిని ఇచ్చేది నేల కదలికను కాదు, కౌంట్లు అనే డిజిటల్ అంకెలను. ఒక కౌంటు ఎంత కదలికకు సమానం అన్నది పరికరాన్ని బట్టి, పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. రిమూవ్ రెస్పాన్స్ అన్న ఆజ్ఞ స్టేషన్ వివరాల ఫైలు చూసి ఆ అంకెలను వేగంగానో, స్థానభ్రంశంగానో మారుస్తుంది. ఏమీ చెప్పకపోతే వేగాన్ని ఇస్తుంది. స్థానభ్రంశం అడిగి, ముందస్తు ఫిల్టర్ హద్దులు ఇవ్వకుండా వదిలేస్తే, పరికరం సరిగా వినలేని అతి నెమ్మది పౌనఃపున్యాల్లోని రొద ఎన్నో రెట్లు పెరిగి, నేల మీటర్ల కొద్దీ ఊగిసలాడినట్టు బొమ్మ వస్తుంది. వాటర్ లెవెల్ అనే రక్షణ విలువ 60 డెసిబెల్స్ దగ్గర ముందే పెట్టి ఉంటుంది, అది అన్నిసార్లూ ఆదుకోదు. ఈ ఆజ్ఞలో ప్లాట్ అనే ఐచ్ఛికాన్ని ట్రూ అని పెడితే అంచెలంచెలుగా ఏ దశలో ఏం జరిగిందో చూపిస్తుంది. ఇంత మంచి సదుపాయం ఉందని నాకు ఏడో నెలలో గానీ తెలియలేదు. కొత్తవారు మొదటి రోజు నుంచే దాన్ని తెరిచి పెట్టుకోవాలి.

చిన్న చిన్న చిరాకులూ ఉన్నాయి. ఫిల్టర్, డేటాలోని వాలును తీసేసే డీట్రెండ్ వంటి ఆజ్ఞలు అసలు డేటాను అక్కడికక్కడే మార్చేస్తాయి. ముందుగా కాపీ తీసుకోకపోతే అదే వరసను రెండుసార్లు నడిపినప్పుడు ఫిల్టర్ మీద ఫిల్టర్ పడుతుంది. మధ్యలో ఖాళీలున్న డేటాను మెర్జ్ చేసి ఫిల్టర్ చేయబోతే ఆగిపోతుంది, కానీ స్ప్లిట్ వాడి చూడమని దారి కూడా చెబుతుంది కాబట్టి దాన్ని పెద్ద తప్పుగా పట్టుకోను. ఫైబర్ ఆప్టిక్ తీగలనే వేల కొద్దీ సెన్సర్లుగా మార్చే డీఏఎస్ డేటా దగ్గర మాత్రం ఇది చతికిలపడుతుంది. ఒక్కో ఛానల్‌ను ఒక్కో ట్రేస్‌గా మోసుకొని తిరిగే నిర్మాణం కొన్ని పదుల స్టేషన్లకు సరిపోతుంది గానీ, వేల ఛానళ్లకు సరిపోదు. ఆ రంగంలో పీహెచ్‌డీ చేయాలనుకునేవారు మొదటి నుంచే వేరే లైబ్రరీలు చూసుకోవడం మంచిది.

ఇది ఏయే తలుపులు తెరుస్తుంది అన్నది అసలు ప్రశ్న. యంత్ర అభ్యసనంతో తరంగాలను గుర్తించే పనులకు ఇది దాదాపు తప్పనిసరి. 2019లో వచ్చిన ఫేజ్‌నెట్, 2020లో వచ్చిన ఈక్యూ ట్రాన్స్‌ఫార్మర్ వంటి నమూనాలను ఒక్కచోట చేర్చిన సీస్‌బెంచ్ నేరుగా ఆబ్స్‌పై స్ట్రీమ్‌నే తీసుకుంటుంది. నా రిడ్జ్‌క్రెస్ట్ డేటానే దానికి ఇచ్చి చూశాను. పెద్ద భూకంపం వెంటనే వచ్చిన ప్రకంపనలు ఒకదాని తోక మీద ఒకటి పడుతుండగా, దీర్ఘ సగటు ఎప్పుడూ ఎత్తులోనే ఉండి నా ఎస్‌టీఏ-ఎల్‌టీఏ వాటిలో చాలావాటిని జారవిడిచిందని అప్పుడు తెలిసింది. ముందస్తు హెచ్చరిక వ్యవస్థలు, నేపథ్య రొదతో భూగర్భాన్ని చిత్రించడం, భూతాప విద్యుత్ బావుల దగ్గర పుట్టే ప్రకంపనల గమనింపు, ఇవన్నీ తరంగరూపాలతో పనిచేసే అంశాలే కనుక ఈ అభ్యాసం సూటిగా పనికొస్తుంది. పీహెచ్‌డీ తర్వాతి ఉద్యోగాల సంగతీ అంతే. అణుపరీక్షల సమగ్ర నిషేధ ఒప్పందం కోసం వియన్నా నుంచి పనిచేసే సంస్థ పర్యవేక్షణ వ్యవస్థలో 50 ప్రధాన, 120 సహాయక భూకంప స్టేషన్లకు చోటుంది. వాటి నుంచి వచ్చే రికార్డులను చదివే విశ్లేషకులు కావాలి. జాతీయ భూకంప కేంద్రాలకూ రాత్రింబవళ్లు అలాంటివారే కావాలి.

ఇది అక్కరకు రాని చోట్లు కూడా తక్కువేమీ కాదు. కందకాలు తవ్వి పాత భూకంపాల ఆనవాళ్లు వెతికే పనికి, ప్రయోగశాలలో రాళ్లను నొక్కి పగలగొట్టే పనికి, ఉపగ్రహ చిత్రాలతో నేల వంపును కొలిచే పనికి ఆబ్స్‌పై వచ్చునని రాసుకోవడం దండగ. భ్రంశం చిరిగే తీరును సూపర్‌కంప్యూటర్ల మీద అనుకరించే బృందాలు స్పెక్‌ఫెమ్, సీస్‌సోల్ వంటివి వాడతాయి. వాటి లోపలి భాషలు ఫోర్‌ట్రాన్, సీ ప్లస్ ప్లస్. బీమా సంస్థలకు నష్టాల అంచనా వేసే ఉద్యోగాల వైపు చూస్తుంటే ఇటలీలోని పావియా నుంచి జెమ్ ఫౌండేషన్ అందించే ఓపెన్‌క్వేక్ నేర్చుకోవడం మేలు. అదీ ఉచితమే, అదీ పైథాన్‌లోనే ఉంటుంది. ప్రకటన చదివేటప్పుడు పైథాన్ అన్న మాట చూసి సంబరపడకుండా, ఆ బృందం చివరి రెండు వ్యాసాల్లో పద్ధతుల విభాగం చదివితే ఏ సాధనం మీద మూడు నెలలు పెట్టాలో తేలిపోతుంది.

ఆ మూడు నెలలు ఎప్పుడు పెట్టాలన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది. ఐరోపాలో చాలా చోట్ల పీహెచ్‌డీ అంటే మూడు నాలుగేళ్ల జీతం ఒప్పందం ఉన్న ఉద్యోగం. ప్రాజెక్టు ముందే నిర్ణయమై ఉంటుంది, ప్రకటన ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు, చేరిన మొదటి నెలలోనే డేటా చేతికిస్తారు. అందుకే అక్కడ దరఖాస్తు నాటికే ఈ అనుభవం చూపించగలగడం లెక్కలోకి వస్తుంది. ఐరోపా సమాఖ్య నిధులిచ్చే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌ల కింద ఇచ్చే స్థానాలకైతే, చేరే ముందు 36 నెలల్లో ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదన్న నియమం కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో మాత్రం విభాగంలో ప్రవేశానికి దరఖాస్తు చేస్తారు, గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తాయి, మొదటి ఒకటి రెండేళ్లు తరగతులు ఉంటాయి కాబట్టి సాధనాలు అక్కడికి వెళ్లాకైనా నేర్చుకునే వీలుంది. ఒక విషయం చెప్పకుండా ఉండలేను. దరఖాస్తు పత్రాలను తీర్చిదిద్దుతామని చెప్పే ఒక సలహా సేవకు కూడా నేను డబ్బు కట్టాను. నా ఉద్దేశ పత్రంలో చిన్నప్పటి నుంచీ భూమి రహస్యాలంటే ఎంతో మక్కువ అన్న వాక్యం చేర్చి పంపారు. రిడ్జ్‌క్రెస్ట్ పేరా మాత్రం మరీ సాంకేతికంగా ఉందని కొట్టేశారు. ఇంటర్వ్యూలో ప్రశ్నలన్నీ వచ్చింది నేను తిరిగి చేర్చిన ఆ పేరా మీదే.

రెండో విడత దరఖాస్తులకు అదే ప్రాజెక్టును మళ్లీ చేశాను. ఈసారి ప్రతి బొమ్మ కింద ఏ ఫిల్టర్, ఏ హద్దులు, జీరోఫేజ్ ఉందా లేదా, ప్రతిస్పందన తొలగించానా, ఏ వెర్షన్ వాడాను అన్నవి రాశాను. ఎస్‌టీఏ-ఎల్‌టీఏ ఎక్కడ విఫలమైందో చూపే బొమ్మ ఒకటి అదనంగా పెట్టాను. వేరొక బృందం ఇంటర్వ్యూలో దాదాపు పావుగంట ఆ విఫలమైన బొమ్మ గురించే మాట్లాడుకున్నాం. ఆ స్థానం నాకు వచ్చింది, చేరి నాలుగు నెలలైంది. ఇక్కడ కూడా ఉదయాన్నే తెరిచేది ఆబ్స్‌పైనే.

అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. ఒకటి తగ్గించింది జీరోఫేజ్ దగ్గర లేని ఆ హెచ్చరిక వాక్యానికి. సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది కాబట్టి ఆ వాక్యాన్ని నేనే రాసి పంపవచ్చు; ముసాయిదా నా కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంది, ఈ వారాంతంలో పంపుతాను.